వేడి మీద స్టార్ట్ అవ్వని మా అంబాసిడర్ – నా అనుభవం

పొద్దున్నే ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు చోక్ సగం లాగి సెల్ఫ్ కొడితే ఒక్క దెబ్బకి లేచిపోతుంది. కానీ ముప్పై కిలోమీటర్లు నడిపి ఎక్కడైనా టీకి ఆపామా, ఇంక అంతే. ఆపిన నిమిషంలోపు మళ్లీ కొడితే స్టార్ట్ అవుతుంది, పది నిమిషాల నుంచి అరగంట మధ్యలో ఎప్పుడు కొట్టినా సెల్ఫ్ తిరుగుతుంది గానీ ఇంజన్ అందుకోదు, ముప్పావుగంట దాటాక మళ్లీ మామూలే. పాత బండ్లు ఉన్నవాళ్లకి ఈ బాధ కొత్త కాదు. అందుకే మా బండి విషయంలో ఏ వరసలో చూసుకుంటూ వెళ్లామో, ఎందుకలా చూశామో వివరంగా రాస్తున్నా, ఎవరికైనా పనికొస్తుంది. పైన చెప్పిన మూడు టైములు మాత్రం గుర్తుంచుకోండి, రోగం మొత్తం వాటిలోనే ఉంది.

మాది 1973 మోడల్ అంబాసిడర్ మార్క్ 2, పెట్రోల్. నాన్న సెకండ్ హ్యాండ్‌లో కొన్నారు, విజయనగరంలోనే ఉంటుంది. ఇంగ్లండ్ మోరిస్ ఆక్స్‌ఫర్డ్ సిరీస్ 3 ని తీసుకుని బెంగాల్లో ఉత్తరపారా ఫ్యాక్టరీలో హిందుస్థాన్ మోటార్స్ వాళ్లు తయారుచేసిన బండి ఇది, 2014 మే లో ఆ ఫ్యాక్టరీ ఆగిపోయింది. ఇంజన్ 1489 సీసీ, బీఎంసీ బి సిరీస్. యాభై ఏళ్లు దాటింది కాబట్టి 2021లో వచ్చిన కేంద్రం రూల్ ప్రకారం వింటేజ్ కిందకి వస్తుంది, వీఏ సిరీస్ నంబరు తీసుకోవచ్చు, కానీ ఆ నంబరు తీసుకుంటే రోజువారీ పనులకి తిప్పకూడదు, మేమేమో రామతీర్థం, నెల్లిమర్ల, గజపతినగరం అన్నిటికీ దీన్లోనే వెళ్తాం, అందుకని తీసుకోలేదు. నాన్నకి ఇది షెడ్డులో కవర్ కప్పి దాచుకునే బండి కాదు, నాకూ అంతే.

ఈ ఇంజన్ కట్టడం గురించి రెండు ముక్కలు చెప్పాలి. బి సిరీస్‌లో పెట్రోల్ గాలి లోపలికెళ్లే మ్యానిఫోల్డూ, పొగ బయటికొచ్చే మ్యానిఫోల్డూ రెండూ ఒకే పక్కన ఉంటాయి. అంటే కార్బరేటర్ సరిగ్గా సైలెన్సర్ పొగ వేడి మీద కూర్చుంటుంది. బండి పరిగెడుతున్నంతసేపూ ముందు నుంచి గాలి తగులుతుంది, ఫ్యాన్ తిరుగుతుంది, నీళ్లు తిరుగుతాయి, చల్ల పెట్రోల్ కూడా వస్తూనే ఉంటుంది కాబట్టి ఇబ్బంది లేదు. ఇంజన్ ఆపగానే ఇవన్నీ ఒక్కసారి ఆగిపోతాయి, ఐరన్‌లో ఉన్న వేడి మాత్రం ఎక్కడికీ పోదు, మెల్లగా చుట్టూ ఉన్న వాటికి ఎక్కుతుంది. అందుకే ఆపిన పది ఇరవై నిమిషాల తర్వాత బానెట్ కింద వేడి నడుస్తున్నప్పటి కంటే ఎక్కువ ఉంటుంది. ఇది చాలామంది నమ్మరు, ఆపితే చల్లారుతుంది కదా అంటారు. ఆపాక ముందు వేడి పెరిగి, తర్వాతే తగ్గుతుంది.

మా బండి ఎక్కడ ఆగినా చుట్టూ చేరినవాళ్లందరూ ఒకటే మాట, వేపర్ లాక్ (వేడికి పైపులో పెట్రోల్ ఆవిరై అడ్డుపడడం) అండీ, పెట్రోల్ పంపు మీద తడిగుడ్డ వెయ్యండి అని. వేస్తాం. నీళ్లు తెచ్చి, గుడ్డ తడిపి, పంపు మీద చుట్టి, మళ్లీ తడిపి, ఈలోపు టీ తాగి, ఓ ముప్పావుగంట అయ్యాక కొడితే స్టార్ట్ అయిపోతుంది. అదిగో చెప్పాం కదా వేపర్ లాకే అంటారు. కానీ ఆలోచించండి, గుడ్డ వెయ్యకపోయినా ఆ టైముకి అది స్టార్ట్ అయ్యేదే. గుడ్డ కాదు, దండ వేసి కొబ్బరికాయ కొట్టినా అదే టైముకి స్టార్ట్ అవుతుంది. ఇంకొకరు రేస్ నాలుగుసార్లు గట్టిగా తొక్కి కొట్టమంటారు, మా బండికి ఎస్‌యూ కార్బరేటర్ ఉంది, దానికి ఆక్సిలరేటర్ పంపే ఉండదు, ఆగిన ఇంజన్ మీద పెడల్ ఎన్నిసార్లు తొక్కినా చుక్క పెట్రోల్ అదనంగా పడదు.

మెకానిక్ దగ్గర ఇంకో రకం ఇబ్బంది. మనం ఫోన్ చేసి, ఆయన వచ్చి, స్పానర్లు తీసేసరికి బండి చల్లారిపోతుంది, కొడితే టక్కున లేస్తుంది. ఆయన ఏం చూడాలి? ప్లగ్గులు గీకి, పాయింట్లు (స్పార్క్ పడాల్సిన క్షణంలో కరెంటు తెంపే స్విచ్చు లాంటివి) గీకి, ట్యూనింగ్ చేసి పంపించేవారు. ఆయన తప్పేం లేదు, చేతిలో ఉన్నప్పుడు బండిలో లోపం లేదు కదా. వాల్వ్ క్లియరెన్స్ కూడా ఒకసారి చూశారు, 0.015 అంగుళం ఉండాలి, ఉంది. టైమింగ్ (స్పార్క్ పడే సమయం) మరీ అడ్వాన్స్ అయితే వేడి మీద సెల్ఫ్‌ని వెనక్కి తన్నుతుంది, అదీ చూశారు, సరిగ్గానే ఉంది.

దారి చూపించింది సాలూరులో ఒక పెద్దాయన. సాలూరు అంటే లారీల ఊరని మీకు తెలిసిందే, అక్కడ లారీలకి వైరింగ్ చేసి చేసి రిటైరైన మనిషి, మా బావకి తెలుసు. రామభద్రపురంలో ఆగిపోతే ఫోన్ చేశాం. ఏం మార్చాలో చెప్పలేదు ఆయన, ఒక్కటే అన్నారు: "బాబూ, ఏడి మీద పోయిందాన్ని ఏడి మీదే సూడాల. సల్లారినాక సూస్తే ఏటుంటాది? ముందు సెల్ఫు, తర్వాత పెట్రోలు, తర్వాత కరెంటు, ఒకటొకటీ సూడండి, రెండు కలిపి మార్చకండి." ఈ మాట విన్నాక నాకు పని తేలికైపోయింది. చేతిలో ఉన్నది ఓ పావుగంట, ఇరవై నిమిషాలు, ఆ టైములోనే చూడాలి, చూడ్డానికి కావలసినవన్నీ ముందే బండిలో సిద్ధంగా ఉండాలి. మల్టీమీటర్, ఒక స్పేర్ ప్లగ్గు, రెండు మొసలి క్లిప్పుల వైర్లు, స్క్రూడ్రైవర్, టార్చ్, పాత గుడ్డలు ఒక సంచిలో పెట్టి డిక్కీలో పడేశా.

అయితే అసలు క్లూ దొరికింది మాత్రం అరసవల్లిలో. ఆదివారం సూర్యనారాయణమూర్తి దర్శనానికి అమ్మనీ నాన్ననీ తీసుకుని వెళ్లాం, ఇక్కణ్ణించి డెబ్భై కిలోమీటర్ల దాకా ఉంటుంది, ఆ రోజు గుడి దగ్గర జనం సంగతి చెప్పక్కర్లేదు. దర్శనానికి ముందు బండి కాస్త పక్కకి తియ్యమన్నారు, తీద్దామంటే లేవదు. వెనక ఆటోలు హారన్లు. నలుగురు కుర్రాళ్లు వచ్చి "ఏటండీ, సెకండ్ గేర్లో ఎయ్యండి, మేం తోత్తాం" అని పది అడుగులు నెట్టారో లేదో, క్లచ్ వదలగానే బండి స్టార్ట్ అయిపోయింది. నాన్న సంతోషించి వాళ్లకి ప్రసాదం పెట్టి పంపించారు. నాకు మాత్రం దర్శనం లైన్లో నుంచున్నంతసేపూ అదే ఆలోచన. సెల్ఫ్‌కి లేవని ఇంజన్ నెడితే పది అడుగుల్లో ఎలా లేచింది? అదే వేడి, అదే పెట్రోల్, అదే పంపు. వేపర్ లాక్ అయితే నెట్టినా లేవకూడదు కదా, పైపులో పెట్రోలే లేకపోతే నెడితే ఎక్కణ్ణించి వస్తుంది. మారింది ఒక్కటే, నెట్టినప్పుడు సెల్ఫ్ మోటార్ కరెంటు లాగలేదు. అంటే బ్యాటరీలో ఉన్న పన్నెండున్నర వోల్టులూ కాయిల్‌కే (ప్లగ్గుల స్పార్క్‌కి వేల వోల్టులు పుట్టించేది) వెళ్లాయి.

అందుకే పెద్దాయన చెప్పిన వరస ప్రకారం ముందు సెల్ఫ్ దగ్గరే మొదలుపెట్టాం. బండిని భోగాపురం దాకా తిప్పి తెచ్చి, ఇంటి ముందు ఆపి, పది నిమిషాలు ఆగి, బావ సెల్ఫ్ కొడుతుంటే నేను మీటర్ పట్టుకున్నా. ఒక వైరు బ్యాటరీ ఎర్త్ (కరెంటు బాడీ గుండా బ్యాటరీకి తిరిగొచ్చే వైపు) పోస్టు మీద, అంటే క్లాంప్ మీద కాదు, సీసం పోస్టు మీదే, రెండోది ఇంజన్ బ్లాక్ మీద గీకి శుభ్రం చేసిన చోట. రెండూ ఎర్తే కాబట్టి మధ్యలో దాదాపు ఏమీ చూపించకూడదు, 0.2 వోల్టు దాకా అయితే పర్వాలేదు. మాకు ఒకటిన్నర వోల్టు చూపించింది! అంటే ఇంజన్‌కీ బ్యాటరీకీ మధ్య దారే సరిగ్గా లేదు. ఇంకో సంగతి, బావ చోక్ నాబ్ ముట్టుకుని చెయ్యి తీసేశాడు, కాలుతోందన్నాడు. అక్కడితో అర్థమైపోయింది. ఇంజన్ రబ్బర్ మౌంటింగుల మీద కూర్చుంటుంది, రబ్బర్లోంచి కరెంటు పోదు కాబట్టి ఇంజన్ నుంచి బాడీకి రాగి తీగల అల్లిక పట్టీ ఒకటి ఉంటుంది. మాది పచ్చగా చిలుం పట్టి సగం తీగలు తెగిపోయి ఉంది. సముద్రపు గాలి తగిలే మన వైపు బండ్లకి ఇది మామూలే. దారి లేక సెల్ఫ్ లాగే వంద పైన ఆంపియర్లలో కొంత చోక్ కేబులు స్ప్రింగు గుండా వెళ్తోంది. మీ బండి సెల్ఫ్ కొట్టినప్పుడు చోక్ కేబులో, ఆక్సిలరేటర్ కేబులో వేడెక్కుతుంటే ఇంకేం ఆలోచించకండి, ఎర్త్ పట్టీ చూడండి. వైరు మొత్తం కాలిపోయిన బండ్లు కూడా ఉంటాయి.

లావుపాటి కొత్త పట్టీ వేయించి, రెండు చివర్లా పెయింటు గీకించి, బ్యాటరీ క్లాంపులు శుభ్రం చేయించాక అదే కొలత 0.2 కి దిగింది. సెల్ఫ్ తిరగడంలో తేడా చెవికే తెలిసిపోయింది. చల్ల ఇంజన్ అయితే తాళం తిప్పడం ఆలస్యం. వేడి మీద కూడా కొన్నిసార్లు లేచింది, కానీ అన్నిసార్లూ కాదు, ఎక్కువసేపు నడిపి ఎండలో ఆపితే మళ్లీ అదే కథ. నాన్న "ఒరే, ఇంక చాల్లే, కారేసుకుని ఎండలో ఎవడు తిరగమన్నాడు" అన్నారు గానీ నాకు సగం తెలిసి ఆపెయ్యడం ఇష్టం లేదు. ఒక రోగం తగ్గితే రెండోది బయటపడింది, అంతే.

రెండోది పెట్రోల్. దీన్ని కూడా వేడి మీదే చూశాం. స్టార్ట్ అవ్వని స్థితిలో కార్బరేటర్ దగ్గర పెట్రోల్ పైపు ఊడదీసి చివర ఒక సీసాలో పెట్టి, మా బండికి ఉన్న మెకానికల్ పంపు కింద చేత్తో కొట్టే చిన్న లివర్ ఉంటుంది, దాన్ని ఆడిస్తే పెట్రోల్ బాగా వచ్చింది, బుడగలు కొంచెం వచ్చాయి గానీ ఆగలేదు. ఇది చేసేటప్పుడు జాగ్రత్త, పక్కనే కాలే మ్యానిఫోల్డ్ ఉంటుంది, పెట్రోల్ దాని మీద పడకూడదు, దగ్గర్లో ఇంకెవరూ సెల్ఫ్ కొట్టకూడదు, ఓ బక్కెట్ ఇసక పక్కన పెట్టుకున్నాం. ఫ్లోట్ గిన్నె (కార్బరేటర్లో పెట్రోల్ నిలవుండే చోటు) మూత తీసి చూస్తే అందులోనూ పెట్రోల్ ఉంది. ప్లగ్గులు ఊడదీస్తే తడిగా ఉన్నాయి, వాసన గుప్పుమంది. అంటే పెట్రోల్ రాకపోవడం కాదు, వచ్చి కాలట్లేదు.

ఇక్కడ ఒక తిరకాసు ఉంది. వేడికి ఫ్లోట్ గిన్నెలో పెట్రోల్ మరిగి పొంగి జెట్లోంచి మ్యానిఫోల్డ్‌లోకి కారిపోయినా ప్లగ్గులు తడుస్తాయి. అది కూడా ఇదే టైములో జరిగే పనే. దాన్ని విడదీసి చూడాలంటే సులువు, రేస్ పెడల్ పూర్తిగా కిందికి తొక్కి పట్టుకుని, పంప్ చెయ్యకుండా, ఓ పది సెకన్లు సెల్ఫ్ కొట్టాలి. త్రాటిల్ (కార్బరేటర్లో గాలి తలుపు) మొత్తం తెరుచుకుని గాలి బాగా వెళ్లి ఎక్కువైన పెట్రోల్ తుడిచిపెట్టుకుపోతుంది, కరెంటు బాగుంటే దగ్గుతూ దగ్గుతూ అయినా స్టార్ట్ అయిపోతుంది. మాది దగ్గను కూడా దగ్గలేదు. పెట్రోల్ వంక అక్కడితో కొట్టేశా.

మిగిలింది కరెంటు. స్పేర్ ప్లగ్గు ఒకటి 0.025 అంగుళం గ్యాప్ పెట్టి, దాని ఒంటికి క్లిప్పు వైరు కట్టి బ్లాక్‌కి ఎర్త్ చేసి, కాయిల్ మధ్య వైరు తీసి దీనికి తగిలించేలా ముందే సిద్ధం చేసుకున్నా. ముందు పొద్దున్నే చల్లగా ఉన్నప్పుడు చూశాం, టక్ టక్ టక్ మని గట్టిగా, నీలంగా. చల్లగా ఉన్నప్పుడు ఎలా ఉందో ముందు చూసి పెట్టుకోవాలి, లేకపోతే వేడి మీద కనిపించింది మంచిదో చెడ్డదో పోల్చుకోవడానికి ఏమీ ఉండదు. అదే రోజు సాయంత్రం కాస్త చీకటి పడేలా టైము చూసుకుని చీపురుపల్లి వైపు తిప్పి తెచ్చి ఆపాం. పది నిమిషాలు. కొట్టాం. లేవలేదు. వెంటనే స్పేర్ ప్లగ్గు తగిలించి చూస్తే సన్నగా, నారింజ రంగులో, మధ్యమధ్యలో ఎగిరిపోతూ ఉంది స్పార్క్. పొద్దున్న చూసిందానికీ దీనికీ పోలికే లేదు. డిస్ట్రిబ్యూటర్ (స్పార్క్‌ని ఒక్కో ప్లగ్గుకీ పంచేది, పాయింట్లూ ఇందులోనే ఉంటాయి) మూత తీసి సెల్ఫ్ కొట్టించి చూస్తే పాయింట్ల మధ్యలో పెద్ద పెద్ద మెరుపులు. ఈ మెరుపులే అసలు సాక్ష్యం. స్పార్క్ ప్లగ్గు దగ్గర ఉండాల్సింది పాయింట్ల దగ్గర ఉంది.

పాయింట్ల దగ్గర అంత మంట వస్తోందంటే మొదట అనుమానించాల్సింది కండెన్సర్ని. పాయింట్లు తెరుచుకునే క్షణంలో కాయిల్లో ప్రవహిస్తున్న కరెంటు ఆగడానికి ఒప్పుకోదు, పాయింట్ల మధ్య గాలిలోంచి దూకాలని చూస్తుంది. కండెన్సర్ ఆ కరెంటుని తనలోకి తీసుకుంటుంది, పాయింట్ల మధ్య మంట రాదు, కాయిల్లో అయస్కాంతశక్తి ఠక్కున పడిపోతుంది, అంత ఠక్కున పడిపోతేనే రెండో చుట్టలో వేల వోల్టులు పుడతాయి. కండెన్సర్ లీకైతే ఆ పడిపోవడం నెమ్మదిస్తుంది, స్పార్క్ నీరసిస్తుంది. లోపల ఉండేది కాగితమో ప్లాస్టిక్ పొరో మధ్యలో పెట్టి చుట్టిన రేకు, పాతబడ్డాక వేడికి ఆ పొర ఇన్సులేషన్ దెబ్బతింటుంది, చల్లారితే మళ్లీ సర్దుకుంటుంది. లూకస్ డిస్ట్రిబ్యూటర్లో అది లోపలే ప్లేటుకి బిగించి ఉంటుంది. డిస్ట్రిబ్యూటర్ మ్యానిఫోల్డులకి అవతలి పక్కనే ఉన్నా బ్లాక్‌కే కదా బిగించేది, ఆపిన పది ఇరవై నిమిషాలకి బ్లాక్ వేడంతా దానికెక్కుతుంది. మొదట్లో గుర్తుపెట్టుకోమన్న టైములు ఇక్కడ కలుస్తున్నాయి చూడండి.

అయినా పెద్దాయన మాట ప్రకారం రెండు కలిపి మార్చలేదు. కాయిల్ కూడా వేడికి పోయే సరుకే, లోపల చుట్ట వేడికి సాగి తెగిపోయి చల్లారితే అతుక్కునే కాయిల్స్ ఉంటాయి. తెలిసినవాళ్ల దగ్గర మంచి కాయిల్ తెచ్చి పక్కన పెట్టుకుని, తర్వాతిసారి వేడి మీద ఆగినప్పుడు కాయిల్ ఒక్కటే మార్చి కొట్టాం, లేవలేదు, స్పార్క్ అదే నారింజ. పాత కాయిల్ తిరిగి పెట్టేసి, డిస్ట్రిబ్యూటర్ మూత తీసి, లోపలి కండెన్సర్ వైరు విప్పి పక్కకి పెట్టి, ఇంకో కండెన్సర్ని బయట కాయిల్ మీద సీబీ అని రాసున్న టెర్మినల్‌కీ ఎర్త్‌కీ మధ్య క్లిప్పులతో తగిలించాం. పాతది విప్పకుండా కొత్తది పక్కన తగిలిస్తే లాభం లేదు, లీకు లీకుగానే ఉంటుంది. సెల్ఫ్ కొట్టగానే అరచక్రం కూడా తిరగలేదు, ఇంజన్ అందుకుంది! బావ కేకేసిన కేకకి పక్కింటివాళ్లు బయటికొచ్చారు.

నమ్మకం కుదరాలంటే తిరగేసి కూడా చూడాలి. ఇంజన్ ఆపి, ఆ వేడి మీదే కొత్తది పీకి పాతది తగిలించాం, లేవలేదు. పాతది విప్పి కొత్తది తగిలించాం, లేచింది. ఇప్పుడిది టైము గడిచినందువల్ల కాదు, గుడ్డ వేసినందువల్ల కాదు అని ఎవరితోనైనా చెప్పగలం. ఇంటికొచ్చి ఆ పాత కండెన్సర్ని మీటర్‌తో చూస్తే చల్లగా 0.2 మైక్రోఫారడ్ దగ్గర చక్కగా చూపిస్తోంది, ఏ షాపువాడైనా బాగుందనే అంటాడు. చెల్లెలి హెయిర్ డ్రయర్ తీసుకుని వేడి చేస్తే అంకెలు నిలవకుండా ఊగడం మొదలెట్టాయి. మీటర్ పెట్టేది కొద్ది వోల్టులే, పాయింట్లు తెరిచినప్పుడు దాని మీద పడేది రెండు మూడొందల వోల్టులు, అంటే బండిలో దాని పరిస్థితి ఇంకా అన్యాయం.

నెడితే ఎందుకు లేచిందో కూడా ఇప్పుడు లెక్క వేసి చూపించొచ్చు. మా కాయిల్ చల్లగా 3 ఓమ్‌లు. రాగి ఒక్కో డిగ్రీకి 0.4 శాతం దాకా రెసిస్టెన్స్ పెరుగుతుంది, 30 నుంచి 80 డిగ్రీలకి వెళ్తే 3.6 ఓమ్‌ల దగ్గరికొస్తుంది. చల్లగా పన్నెండున్నర వోల్టులకి 4 ఆంపియర్ల పైన వెళ్తుంది. వేడి మీద, ఎర్త్ పాడై సెల్ఫ్ తిరుగుతుండగా కాయిల్‌కి మిగిలేది 9 వోల్టులు, అంటే రెండున్నర ఆంపియర్లు. కాయిల్లో దాచుకునే శక్తి కరెంటు వర్గాన్ని బట్టి ఉంటుంది కాబట్టి అది మూడో వంతు చిల్లరకి పడిపోతుంది. అదే వేడి మీద నెడితే బ్యాటరీ వోల్టేజి పడదు, ఆ శక్తి 70 శాతం దాకా ఉంటుంది. ఎర్త్ బాగు చేశాక సెల్ఫ్ తిరుగుతున్నా కాయిల్‌కి 10 వోల్టుల పైన అందింది, శక్తి సగం దగ్గరికొచ్చింది, అందుకే కొన్నిసార్లు లేచి కొన్నిసార్లు లేవలేదు. నడుస్తున్నప్పుడు ఇబ్బంది ఎందుకు లేదంటే అప్పుడు డైనమో పుణ్యమా అని 14 వోల్టుల దాకా ఉంటుంది. ఎర్త్ పట్టీ ఒక్కటే పోయినా, కండెన్సర్ ఒక్కటే నీరసించినా బహుశా మేం కొన్నేళ్లు గమనించేవాళ్లం కాదు, రెండూ ఒక చోట కలిసేసరికి ఇంజన్ చేతులెత్తేసింది.

ఇక్కడ ఒక హెచ్చరిక. కొత్త కండెన్సర్ అంటే మంచి కండెన్సర్ అని కాదు. ఇప్పుడు దొరుకుతున్న వాటిలో నాసిరకం చాలా ఉన్నాయి, మొదట షాపులో కొన్నది డిస్ట్రిబ్యూటర్ లోపల బిగిస్తే కొన్నాళ్లకే మళ్లీ నారింజ రంగు స్పార్క్ మొదలైంది. అప్పటికి మాకు ఎలా చూడాలో తెలుసు కాబట్టి కంగారు పడలేదు. పెద్దాయన్ని అడిగితే తన దగ్గరున్న పాత స్టాక్‌లోంచి ఒకటి ఇచ్చి, "లోపల పెట్టకండి బాబూ, బయట సల్లగా ఉన్నకాడ పెట్టండి" అన్నారు. కాయిల్ పక్కన గాలి తగిలే చోట బాడీకి గట్టిగా ఎర్త్ చేసి బిగించాం, ఇప్పటిదాకా మాట లేదు. ఇన్నాళ్లూ మంటకి పాయింట్లు గుంటలు పడి ఉన్నాయి, వాటిని గీకి సరిపెట్టకుండా కొత్తవి వేసి గ్యాప్ 0.015 అంగుళం పెట్టాం. ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ వేసెయ్యొచ్చు కదా అని చాలామంది అన్నారు. వేసుకునేవాళ్లు వేసుకోవచ్చు, మంచిదే. నాకు మాత్రం రోడ్డు మీద స్క్రూడ్రైవర్‌తో బాగు చేసుకోగలిగే బండి కావాలి, పాయింట్లు అయితే ఏ పల్లెలో ఆగినా చేత్తో చూడొచ్చు.

పరీక్షకి మే నెలలోనే సాలూరు మీదుగా పి.కోనవలస ఘాట్ ఎక్కించాం. పైన ఆపి, ఇరవై నిమిషాలు కావాలనే ఆగి, కొట్టాం. లేచింది, అయితే నాలుగైదు సెకన్లు ఎక్కువ తిప్పాల్సొచ్చింది, లేచాక కొంచెంసేపు రఫ్‌గా నడిచి సర్దుకుంది, వెనక నల్లపొగ. ఇది కండెన్సర్ కాదు, నేను పైన చెప్పిన పొంగడం. బంకుల్లో ఇప్పుడు దొరికేది 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోల్. పెట్రోల్‌లో తేలికపాటి భాగం 40 డిగ్రీల లోపే మరగడం మొదలెడుతుంది, ఇథనాల్ విడిగా 78 డిగ్రీలకి మరిగేదే అయినా పెట్రోల్‌తో కలిస్తే ఆవిరి ఒత్తిడి పెరుగుతుంది. కార్బరేటర్‌కీ మ్యానిఫోల్డ్‌కీ మధ్య మందపాటి బేకలైట్ స్పేసర్ వేయించాం, కార్బరేటర్ కింద అల్యూమినియం రేకుతో వేడి అడ్డు కట్టించాం. స్పేసర్ వేస్తే స్టడ్లు పొడుగువి కావాలి, త్రాటిల్ లింకేజి మళ్లీ సరిచూడాలి, అది మర్చిపోకండి. పెట్రోల్ రబ్బర్ పైపులన్నీ ఇథనాల్‌కి తట్టుకునేవి మార్పించాం, పాతవి లోపల జిగురుజిగురుగా మెత్తబడి ఉన్నాయి, పంపు డయాఫ్రమ్ కూడా అదే దారిలో ఉంటే మార్చేశాం. ఇథనాల్ వల్ల మిక్చర్ పల్చబడుతుంది కాబట్టి ఎస్‌యూ జెట్ కింద ఉన్న నట్టు ఒక్క పలక కిందికి తిప్పితే ఐడ్లింగ్ నిలబడింది.

ఇప్పుడు వేడి మీద కొట్టే పద్ధతి ఇంట్లో అందరికీ నేర్పించా. చోక్ ముట్టుకోకూడదు, రేస్ మూడో వంతు తొక్కి కదపకుండా పట్టుకోవాలి, సెల్ఫ్ పది సెకన్ల కంటే ఎక్కువ కొట్టకూడదు, ఆగి మళ్లీ కొట్టాలి, ఎందుకంటే సెల్ఫ్ మోటార్ కూడా రాగి చుట్టే, వేడెక్కితే అదీ నీరసిస్తుంది. ఎండలో ఎక్కువ దూరం వచ్చి కాసేపే ఆపేటట్టయితే బానెట్ కొద్దిగా ఎత్తి పెడితే చాలా తేడా ఉంటుంది. నాన్న ఇవన్నీ విని "నేను ముప్పై ఏళ్లు నడిపాను, నాకెవరూ చెప్పలేదు" అని, తర్వాత తనే బానెట్ ఎత్తడం మొదలుపెట్టారు.

మీ బండికి ఇదే లక్షణం ఉంటే ముందు నెట్టి చూడండి. నెడితే లేస్తే ఎర్త్, బ్యాటరీ క్లాంపులు, కండెన్సర్ వైపు వెళ్లండి. నెట్టినా లేవకపోతే ప్లగ్గు ఊడదీసి తడా పొడా చూడండి, పొడిగా ఉంటే అప్పుడు పంపు, పైపులు, వేపర్ లాక్ సంగతి. మాకింకా సెల్ఫ్ మోటార్ బుష్‌లు మిగిలిపోయాయి, తిరిగేటప్పుడు కొంచెం గీసుకుంటున్న శబ్దం వస్తోంది. సిరిమానోత్సవం వారంలో ఊళ్లో బండి తియ్యలేం, ఆ నాలుగు రోజుల్లో ఊడదీసి సాలూరు పంపిద్దామని బావా నేనూ అనుకుంటున్నాం, ఆ సైజు బుష్‌లు ఎక్కడ దొరుకుతున్నాయో ఎవరికైనా తెలిస్తే చెప్పండి.